రీడింగ్ హాల్ దారిలో ఒక ఫొటో

విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి బొమ్మలు చూద్దామని ఎవరూ రారు. సీటు దొరకదేమోనని పొద్దున్నే వచ్చే పోటీ పరీక్షల అభ్యర్థి, పాత జర్నల్ సంచిక వెతుక్కునే పరిశోధకుడు, ఎండన పడి వచ్చి ఫ్యాను కింద కాసేపు కూలబడే మనిషి... అక్కడి ప్రేక్షకులు వీళ్ళే. గ్యాలరీకి వెళ్ళినవాళ్ళు ఒకసారి వెళ్తారు, ముప్పావుగంట చూసి వచ్చేస్తారు. లైబ్రరీలో ఒకే మనిషి ఒకే గోడ ముందు నుంచి నెలలో యాభైసార్లు నడుస్తాడు. ఆగితే పది సెకన్లు ఆగుతాడు. లైబ్రరీలో చిత్రాల, ఫొటోల ప్రదర్శన పెట్టాలంటే ఎన్ని పటాలు పెట్టాలి, ఎక్కడ, ఎంత వెలుతురులో, ఎన్నాళ్ళు, పక్కన ఏం రాయాలి అన్నవన్నీ ఈ తేడాను బట్టే తేలాలి. దీన్ని పక్కనపెట్టి చిన్నసైజు గ్యాలరీ కట్టబోతే గోడ నిండా ఇరుకిరుకుగా అరవై ఫొటోలు చేరతాయి. ప్రారంభోత్సవం రోజున జనం కిటకిటలాడతారు, మర్నాటి నుంచి ఎవరూ తలెత్తి చూడరు.

ముందు చోటు సంగతి. మన పెద్ద లైబ్రరీల్లో ఇందుకు సాధారణంగా దొరికేవి గేటుకు ఇవతలి ప్రవేశ హాలు, గేటు దాటాక పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే సర్క్యులేషన్ కౌంటర్ పరిసరాలు, పై అంతస్తుల వసారాలు. ప్రవేశ హాల్లో అయితే ఐడీ కార్డు లేని ఊరివాళ్ళు కూడా చూడొచ్చు, నలుగురు నిలబడి మాట్లాడుకున్నా ఎవరికీ అడ్డం కాదు. కానీ తలుపులు రోజంతా బార్లా తెరిచే ఉంటాయి కాబట్టి దుమ్ము, తేమ, ఎండ మూడూ అక్కడికే వస్తాయి. లోపలి గోడలకు కాపలా ఉంటుంది, సంచులు కౌంటర్ దగ్గరే ఆగిపోతాయి, కానీ బయటివాళ్ళకు ప్రవేశం ఉండదు. అందుకని మళ్ళీ ప్రింటు తీసుకోగలిగినవి బయట, ఒకే ఒక్క ప్రతి ఉన్నవి లోపల అన్న పద్ధతి చాలావరకు నిలబడుతుంది. రీడింగ్ హాల్ గోడల జోలికి మాత్రం వెళ్ళకపోవడమే మంచిది. పటం కింద కూర్చున్నవాడి నెత్తి మీద నిలబడి ఇంకొకరు చూస్తుంటే అటు చదువూ సాగదు, ఇటు చూడడమూ కుదరదు. హాల్లోకి వెళ్ళే దారి మాత్రం బంగారం లాంటి చోటు.

అసలు పేచీ వెలుతురుతో. చదువుకునే బల్ల మీద 300 నుంచి 500 లక్స్ (వెలుతురు తీవ్రతకు కొలమానం) వెలుతురు కావాలి. కాగితం మీది నీటిరంగులు, పాత ఫొటోలు, సహజరంగులు అద్దిన బట్టలు 50 లక్స్‌కు మించి తట్టుకోవు. ఆయిల్, అక్రిలిక్ చిత్రాలకు 200 దాకా పరవాలేదు. పైగా గ్యాలరీ రోజుకు ఏడెనిమిది గంటలు తెరుచుకుంటే లైబ్రరీ అర్ధరాత్రి దాకా వెలుగుతూనే ఉంటుంది. రంగు వెలిసిపోవడం వెలుతురు తీవ్రత, గంటలు రెండూ కలిసి చేసే పని కాబట్టి లెక్క కూడా లక్స్-గంటల్లోనే వేయాలి. అంతర్జాతీయ ప్రకాశ కమిషన్ 2004లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం, త్వరగా వెలిసిపోయే రంగులున్న వస్తువుకు ఏడాది మొత్తానికి 15,000 లక్స్-గంటలు పరిమితి. 300 లక్స్ వెలుతురులో రోజుకు 16 గంటల చొప్పున 30 రోజులు వేలాడదీస్తే 1,44,000 అవుతుంది. దాదాపు పదేళ్ళ కోటా ఒక్క నెలలో ఖర్చయిపోయినట్టే. అదే వస్తువును 50 లక్స్‌లో, రోజుకు ఆరు గంటలే తెర తీసి చూపిస్తే నెలకు 9,000తో సరిపోతుంది. నష్టం కంటికి ఆనదు. ప్రదర్శన ముగిశాక ఫ్రేము విప్పి, మౌంటు (ఫ్రేములో బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చట్రం) కింద దాగిన అంచును, బయట ఉన్న భాగాన్ని పక్కపక్కన చూస్తే అప్పుడు తెలుస్తుంది.

ఇందుకు మన దగ్గరే ఉన్న మంచి ఉదాహరణ శ్రీకాళహస్తి కలంకారీ. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద పసుపు కోసం వాడేది కరక్కాయ పువ్వు రంగు. ఆకుపచ్చ కావాలంటే నీలిమందు నీలం మీద ఈ పసుపును వేస్తారు. వెలుతురుకు ముందు లొంగిపోయేది ఆ పసుపే. పాత కలంకారీ, చింట్జ్ (పూలబొమ్మల నూలు) బట్టల్లో ఆకులు నీలంగా కనిపించడానికి కారణం అదే: పసుపు వెళ్ళిపోయింది, నీలం మిగిలింది. విద్యార్థులు గీసిన కొత్త కలంకారీని గాజు కిటికీ ఎదుట సెమిస్టరంతా ఉంచేసే లైబ్రరీ తెలియకుండానే ఈ ప్రయోగం చేస్తున్నట్టు.

యేల్ విశ్వవిద్యాలయంలో 1963లో తెరిచిన బైనెకీ గ్రంథాలయం ఈ పేచీని కట్టడంలోనే తీర్చుకుంది. వాస్తుశిల్పి గోర్డన్ బన్‌షాఫ్ట్ గోడలకు కిటికీల బదులు అంగుళంపావు మందం పాలరాతి పలకలు బిగించాడు. ఎండ రాతిలోంచి వడకట్టుకుని తేనెరంగులో లోపలికి దిగుతుంది. మన లైబ్రరీలు కరెంటు మీద భరోసా లేని రోజుల్లో, గాలీ వెలుతురూ బాగా ఆడాలని పెద్దపెద్ద కిటికీలతో కట్టినవి. వాటిని తప్పుపట్టి లాభం లేదు. చేయగలిగింది ఏమిటంటే, సున్నితమైనదాన్ని కిటికీ వెలుగు నేరుగా పడని గోడకు మార్చడం, కిటికీలకు అతినీలలోహిత కిరణాలను ఆపే ఫిల్మ్ అంటించడం, పాత ట్యూబులైట్ల బదులు ఎల్‌ఈడీలు వేయడం, షోకేసు మీద ముదురురంగు బట్ట కప్పి 'తెర ఎత్తి చూడండి' అని రాసిపెట్టడం. ఈ చివరిది పైసా ఖర్చు లేనిది. పైగా ఎత్తి చూడమంటే ఎవరైనా ఆగుతారు. లక్స్ మీటరు రెండు మూడు వేల రూపాయల్లో దొరుకుతుంది. ఫోన్ యాప్‌ల రీడింగు ఫోన్‌కొకలా వస్తుంది కాబట్టి వాటిని నమ్ముకోకూడదు.

హైదరాబాద్ చరిత్ర మీద ప్రదర్శన అనగానే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) పేరు వస్తుంది. ఆ కాలపు ప్రింట్లు గుడ్డు తెల్లసొన పూత ఉన్న కాగితం మీద వేసినవి. తేమకూ వెలుతురుకూ పసుపెక్కి, తెల్లని చోట్లలోని వివరం ముందు మాయమైపోతుంది. అలాంటి అసలు ప్రింటు లైబ్రరీ దగ్గర ఉంటే దాన్ని స్కాన్ చేసి, కొత్త ప్రింటును గోడకెక్కించి, అసలుదాన్ని షోకేసులో వారం రోజులు మాత్రమే ఉంచడం సరైన పద్ధతి. 'ఇది నకలు' అని లేబుల్ మీద నిజం రాయాలి. నకలు పెట్టడం చిన్నతనం కాదు. గోడ మీది నకలును మామూలు వెలుతురులో, పెద్ద సైజులో, ముక్కు ఆనించేంత దగ్గరగా చూడొచ్చు. అసలుదానితో ఆ చనువు కుదరదు.

వెలుతురు తర్వాత తేమ. గాలిలో తేమ 40–60 శాతం మధ్య నిలకడగా ఉంటే కాగితానికి హాయి. 65–70 దాటి కొన్నాళ్ళు ఉంటే బూజు మొదలవుతుంది. ఇక్కడ మన క్యాలెండరే అడ్డం తిరుగుతుంది. భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ జయంతి పేరిట జరిపే లైబ్రేరియన్ల దినోత్సవం ఆగస్టు 12, ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం ఆగస్టు 19. ఒక దానికి ప్రారంభించి ఇంకొకదానికి ముగిస్తే చక్కగా కుదురుతుందని అందరికీ తోస్తుంది. కానీ అది నడి వానాకాలం. ప్రింట్లు మాత్రమే అయితే ఆగస్టు ఫరవాలేదు. అసలు చిత్రాలుంటే హైదరాబాద్, వరంగల్ వైపు గ్రంథాలయ వారోత్సవాలు జరిగే నవంబర్ 14–20 రోజులు మేలు. విశాఖలో అక్టోబర్, నవంబర్‌లు తుఫాన్ల నెలలు. హుద్‌హుద్ ఆ నగరాన్ని తాకింది 2014 అక్టోబర్ 12నే. సముద్రపు గాలి తగిలే లైబ్రరీకి జనవరి, ఫిబ్రవరి నెలలే సుఖం.

పగలు ఏసీ వేసి రాత్రి కట్టేయడం ఏసీ లేకపోవడం కంటే చెరుపు. కాగితం రోజూ ఒకసారి ముడుచుకుని ఒకసారి సాగుతుంది, నాలుగు అంచులూ మౌంటుకు గట్టిగా అతికించి ఉంటే మధ్యలో ఉబ్బి అలలు తేలుతుంది. పటాలు కట్టే షాపులో ఖర్చు తగ్గుతుందని మౌంటు లేకుండా ఫొటోను నేరుగా గాజుకు ఆనించి బిగిస్తే ఇంకో ముప్పు ఉంది. ఫొటో మీది జెలటిన్ పొర తేమకు మెత్తబడి గాజుకు అతుక్కుంటుంది. ముందు ఒక మూల నూనె మరకలాంటి మెరుపు కనిపిస్తుంది, తర్వాత అది పాకుతుంది. అలా అతుక్కున్నదాన్ని లాగితే బొమ్మ గాజు మీదే ఉండిపోతుంది. గాజుతో సహా అలాగే ఉంచి స్కాన్ చేసుకోవడం తప్ప ఇంట్లో చేసే వైద్యం లేదు. ఫొటోకూ గాజుకూ మధ్య 2–3 మిల్లీమీటర్ల ఎడం ఇచ్చే మౌంటు బోర్డు పెట్టిస్తే ఈ గొడవే రాదు. ఆ బోర్డు కూడా ఆమ్లం లేనిదై ఉండాలి. మామూలు అట్ట అంచు నాలుగైదేళ్ళలో గోధుమరంగు తిరిగి ఆ మరకను బొమ్మకు అంటిస్తుంది. సెల్లో టేపు, ఫెవికాల్ అసలు చిత్రం దరిదాపుల్లోకి రాకూడదు. ఫొటోను నాలుగు మూలలా కాగితపు జేబుల్లో కూర్చోబెడితే చాలు. చేర్యాల నకాషీ పటాల విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం: బట్టకు చింతగింజల అంబలి, గంజి పట్టిస్తారు కాబట్టి పుస్తకాల మధ్య తిరిగే వెండి పురుగులకు అది విందు భోజనం. గోడకు ఆనకుండా వెనక వేలి మందం చోటు వదలాలి, వారానికోసారి వెనక్కి తిప్పి చూడాలి.

పటం తగిలించడం వడ్రంగి పని అనుకుంటారు, అంతకన్నా అది కూడికల పని. బొమ్మ మధ్యభాగం నేల నుంచి 145–150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళను కూడా దృష్టిలో పెట్టుకుంటే 140. మేకు ఎత్తు కావాలంటే ఆ సంఖ్యకు ఫ్రేము ఎత్తులో సగం కలిపి, తీగ బిగుసుకున్నప్పుడు పై అంచుకు ఎంత కిందికి ఉంటుందో అది తీసేయాలి. 50 సెంటీమీటర్ల ఫ్రేము, తీగ 6 కిందికి: 150 + 25 – 6, అంటే 169. ఇలా చేస్తే చిన్నా పెద్దా పటాలన్నీ ఒకే చూపు వరుసలో నిలుస్తాయి. పై అంచులు కలిపి కట్టడం ఇళ్ళలో అలవాటు, రకరకాల సైజులున్నప్పుడు అది గోడను మెట్లలా చూపిస్తుంది. పది మీటర్ల గోడకు 60 సెంటీమీటర్ల వెడల్పు ఫ్రేములు 30 సెంటీమీటర్ల ఎడంతో 11 పడతాయి. పన్నెండోది వద్దు. మిగిలినవాటిని రెండు వారాల తర్వాత మార్చి పెట్టాలి. రోజూ అటే నడిచే మనిషి గోడ మారిందని గమనించి ఆగుతాడు. గ్యాలరీకి దొరకని ఈ అవకాశాన్ని ఒకేసారి అన్నీ వేలాడదీసి పోగొట్టుకుంటారు.

బరువు కూడా చూసుకోవాలి. 2 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 5 కిలోలు తూగుతుంది. 20 × 28 అంగుళాల ఫ్రేములో గాజు ఒక్కటే 1.8 కిలోలు, బీడింగ్, వెనక చెక్క కలిస్తే మూడు కిలోలకు అటూ ఇటూ. అక్రిలిక్ షీటు గాజులో సగం బరువు కూడా ఉండదు, పగిలినా ముక్కలు చెదరవు. జనం రాసుకుంటూ వెళ్ళే వసారాలో గీతలు పడినా అదే నయం. 3 లేదా 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డుకు (నురుగులాంటి ప్లాస్టిక్ పలక) అంటించిన ప్రింట్లు తేలిగ్గా ఉంటాయని రెండువైపులా అంటుకునే ఫోమ్ టేపుతో గోడకు నొక్కేస్తారు. పట్టుకోవాల్సింది గోడను, టేపు పట్టుకునేది డిస్టెంపర్ పొరను. ఆ పొర పొడి రాలి, ఏ రాత్రో బోర్డు కింద పడుతుంది. గోడకు మేకు కొట్టకూడదన్న నిబంధన ఉంటే స్టీలు ర్యాకుల చివరి పలకలున్నాయి. అయస్కాంతాలతో తేలికపాటి ప్రింట్లు అక్కడ భేషుగ్గా నిలుస్తాయి. పైగా సరిగ్గా పుస్తకాల వరుస మొదట్లోనే బొమ్మ ఉంటుంది.

ఫొటో ప్రదర్శనల్లో ఎక్కువ చిత్రాలు పాడయ్యేది వాట్సాప్‌లో. నిర్వాహకులు 'ఫొటోలు పంపండి' అంటారు, విద్యార్థులు మామూలు పద్ధతిలో పంపేస్తారు, యాప్ దాన్ని సుమారు 1600 పిక్సెళ్ళకు కుదిస్తుంది. దగ్గరి నుంచి చూసే ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్ళు కావాలి. ఆ లెక్కన 1600కు వచ్చేది అయిదంగుళాల పైచిలుకు. దాన్ని 18 అంగుళాలకు సాగదీస్తే కనురెప్పలు మైనపు ముద్దల్లా కనిపిస్తాయి. అసలు ఫైలు తీసినవాళ్ళ దగ్గరే ఉంటుంది. డాక్యుమెంట్‌గానో డ్రైవ్ లింకుగానో అడిగితే, అది 6000 × 4000 పిక్సెళ్ళదైతే, 12 × 18 అంగుళాల ప్రింటు నిక్షేపంగా వస్తుంది. గాజు మెరుపు సంగతి కూడా ముందే తేల్చుకోవచ్చు. పటం పెట్టబోయే చోట ఖాళీ గాజు ఫ్రేమును ఉదయం పదింటికి, మధ్యాహ్నం మూడింటికి పట్టుకుని చూడాలి. అందులో ఎదుటి కిటికీ, చూసేవాడి ముఖం స్పష్టంగా కనిపిస్తే ఆ చోట ముదురు ఫొటో పెట్టి ప్రయోజనం లేదు.

లేబుల్ దగ్గర తెలుగుతో వచ్చే తలనొప్పి ఒకటుంది. కంప్యూటర్లో యూనికోడ్‌లో టైపు చేసిన వాక్యాన్ని ఫ్లెక్సీ షాపువాళ్ళ పాత సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే వత్తులు విడిపోతాయి. 'విశ్వవిద్యాలయం' కాస్తా 'విశ్‌వవిద్‌యాలయం' అవుతుంది. లేదంటే వాళ్ళకు అలవాటైన అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒకటి రెండు అక్షరాలు వేరేవిగా మారతాయి. ఇంగ్లిష్ తప్పును షాపులో ఎవరో ఒకరు పట్టుకుంటారు. తెలుగు తప్పు ప్రారంభోత్సవం రోజున ముఖ్య అతిథి చదివేదాకా ఎవరి కంటా పడదు. ఫాంట్లు లోపలే పొదిగిన పీడీఎఫ్ ఇవ్వడం, ముందు ఒక ఏ4 కాగితం మీద ప్రింటు తీయించి, రాసినవాళ్ళు కాక ఇంకొకరు చదవడం తప్పనిసరి. అక్షరం 20 పాయింట్లకు తగ్గకూడదు. కింద వత్తులు, పైన గుడులు ఉన్న లిపి కాబట్టి ఇంగ్లిష్ లేబుల్‌కు సరిపోయిన వరుసల ఎడం మనకు చాలదు, ఒకటిన్నర రెట్లు కావాలి. పది సెకన్లు ఆగే మనిషికి నలభై మాటలు మించి రాయడం అత్యాశ.

ఆ నలభై మాటల కింద ఒక కాల్ నంబర్ (పుస్తకం ఏ ర్యాకులో ఉందో చెప్పే సంఖ్య) వేస్తే లేబుల్ లైబ్రరీది అనిపించుకుంటుంది. విషయాన్ని బట్టి పుస్తకాలకు సంఖ్యలిచ్చే డ్యూయీ పద్ధతిలో ఫొటోగ్రఫీ 770లో, ఫొటోల సంపుటాలు 779లో, భారతీయ చిత్రకళ 759.954లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చరిత్ర 954.84లో ఉంటాయి. దీన్‌దయాళ్ ఫొటో కింద '954.84, రెండో అంతస్తు' అని ఉంటే కుతూహలం పుట్టినవాడు నలభై అడుగుల్లో పుస్తకాన్ని చేరతాడు. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలన్న రంగనాథన్ మూడో సూత్రానికి ఇంతకన్నా చవకైన అమలు ఉండదేమో. ఏ గ్యాలరీ చేయలేని పని ఇది. అయినా చాలా లైబ్రరీ ప్రదర్శనల్లో పుస్తకాల ఊసే కనబడదు. ప్రదర్శన ఫలించిందా అని కొలవడానికి కూడా ఇదే దారి. గేటు దగ్గరి లెక్క లైబ్రరీకి వచ్చినవాళ్ళందరినీ ప్రేక్షకుల్లో కలిపేసి గొప్పగా చూపిస్తుంది. లేబుళ్ళ మీద సూచించిన పుస్తకాలు ఆ నెలలో ఎన్నిసార్లు బయటికి వెళ్ళాయో, అంతకుముందు నెలతో పోల్చి చూస్తే అసలు సంగతి తేలుతుంది.

హక్కుల విషయం చివరి నిమిషంలో గుర్తొస్తుంది గానీ మొదటే చూసుకోవాల్సింది. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో జరిగిన సవరణతో ఫొటోగ్రాఫ్‌కు విడిగా ఉన్న గడువు పోయి, ఫొటోగ్రాఫర్ జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు అన్న నియమం వచ్చింది. ప్రింటు లైబ్రరీ బీరువాలో ఉన్నంత మాత్రాన దాన్ని పోస్టరుగా అచ్చువేసే హక్కు లైబ్రరీది కాదు. డబ్బిచ్చి స్టూడియోలో తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్ళే. కుటుంబాల నుంచి పాత స్టూడియో ఫొటోలు సేకరించేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. చట్టం చెప్పని మర్యాద ఇంకొకటి ఉంది. ఏజెన్సీ సంతలోనో తిరునాళ్ళలోనో తీసిన మనిషి ముఖాన్ని రెండడుగుల ఎత్తున వేలాడదీసే ముందు, ఆ మనిషికి ఆ సంగతి తెలిసి ఉండాలి.

ఎవరి చిత్రాలు పెట్టాలో లైబ్రేరియన్ ఒక్కరే తేల్చే పద్ధతి ఉంటే ఒత్తిళ్ళన్నీ ఆ కుర్చీ మీదే పడతాయి. ఫైన్ ఆర్ట్స్ శాఖ నుంచి ఒకరు, లైబ్రరీ నుంచి ఒకరు, విద్యార్థుల నుంచి ఒకరు కలిసి, ముందే కాగితం మీద పెట్టిన షరతులను బట్టి ఎంచితే 'మావాడి బొమ్మ ఎందుకు లేదు' అన్న ప్రశ్నకు చూపించడానికి ఆ కాగితమైనా ఉంటుంది. ప్రదర్శన స్థలం ఇచ్చే లైబ్రరీ, అడిగినవాళ్ళ నమ్మకాలతో అనుబంధాలతో పని లేకుండా సమానంగా ఇవ్వాలని అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తన హక్కుల పత్రంలోనే రాసుకుంది.

దింపే రోజుకు ఎవరూ మనుషుల్ని కేటాయించరు. తగిలించేటప్పుడు ఇరవై మంది ఉంటారు, దింపేటప్పుడు అటెండరు ఒక్కడే ఉంటాడు. పటాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, గాజుకు గాజు రాసుకుని, తీగ కొన పక్క బొమ్మను గీరేది అప్పుడే. ముఖానికి ముఖం, వీపుకు వీపు ఆనేలా, మధ్యలో అట్టముక్క పెట్టి, నిలువుగా ఆనించాలి. తెచ్చుకున్న రోజున రాసిపెట్టుకున్న స్థితి పత్రంతో, ఫోన్లో తీసుకున్న నాలుగు మూలల ఫొటోలతో పోల్చి చూసి, కళాకారుడి సంతకం తీసుకుని అప్పగించాలి. లేబుళ్ళను చించి పారేయకుండా, ప్రింటు ఫైళ్ళు, ఎంపిక జాబితా, గోడ ఫొటోలు కలిపి ఒక సంపుటిగా బైండు చేయించి దానికీ ఒక అక్సెషన్ నంబర్ (లైబ్రరీ రిజిస్టరులో చేర్చే వరుస సంఖ్య) వేయించాలి. వచ్చే ఏడు ఇదే గోడకు కొలతలు తీసుకునేవాళ్ళు మొదట అడిగేది దాన్నే.